బాపు సీకో 6309: పత్తర్‌గట్టీ సర్వీసింగ్, అమ్మకం బేరం

ముందు మార్కులు వేసేస్తాను. వాచ్‌కి ఐదుకి నాలుగు. దాన్ని బాగుచేసిన మెకానిక్‌కి ఐదుకి నాలుగున్నర. ఆ అర మార్కు కోసింది ఆయన ఫోన్ ఎత్తడు కాబట్టి, పనిలో వంక పెట్టి కాదు.

వాచ్ మా బాపుది, అంటే నాన్నది. సీకో 6309-7040, ఆటోమేటిక్ (చెయ్యి ఊపుకి తనంతట తనే స్ప్రింగు బిగుసుకునేది), 150 మీటర్ల డైవర్ (నీళ్ళలో అంత లోతుదాకా తట్టుకునేలా చేసింది). జగిత్యాల నుంచి దుబాయ్ పోయి సెంట్రింగ్ పని చేస్తున్న రోజుల్లో, 1984లో, దేరా బజార్‌లో కొన్నాడు. సగం నెల జీతం దానికే పోయిందట. బాపుకి ఈత రాదు. సముద్రాన్ని సైటు మీది నుంచి చూడటమే గానీ మోకాలి లోతుకి దిగింది లేదు. మరి డైవర్ వాచ్ ఎందుకు కొన్నావంటే, "సిమెంటు పడ్డా, నీళ్ళు పడ్డా ఆగదన్నడు దుకాణపాయన, అందుకే కొన్న" అంటాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. వాచ్ చుట్టూ తిరిగే రింగు ఉంటుంది చూశారా, గజ ఈతగాళ్ళు నీళ్ళలో ఎంతసేపు ఉన్నారో లెక్క పెట్టుకోవడానికి పెట్టింది, దాన్ని బాపు మధ్యాహ్నం అన్నం విరామానికి వాడేవాడు. టిఫిన్ డబ్బా మూత తీసేటప్పుడు రింగు మీది త్రికోణాన్ని నిమిషాల ముల్లుకి ఎదురుగా తిప్పి పెట్టుకుంటే, ఇంకెంతసేపు నడుం వాల్చొచ్చో తెలిసేదట.

సెలవుల్లో ఊరికొస్తే దీనితో ఇంకో పని ఉండేది. హోటల్‌లో చాయ్ తాగుతూ మంచినీళ్ళ గ్లాసులో వాచ్ ముంచి అందరికీ చూపించడం. ఇక్కడ హెచ్ఎంటీ కాలం అది, టైటాన్ ఇంకా రాలేదు. నీళ్ళలో ముల్లు నడుస్తుంటే చూడటానికి జనం మూగేవాళ్ళు. మీ ఇంట్లో ఇలాంటి వాచ్ ఉంటే ఇప్పుడు ఆ ప్రయోగం మాత్రం చేయకండి. లోపలి రబ్బరు వాచర్లకు నలభై ఏళ్ళు దాటి ఉంటాయి. డైవర్ అన్న పేరు మిగిలి ఉంటుంది గానీ నీళ్ళను ఆపే రబ్బరు ఎప్పుడో గట్టిపడి పెచ్చులుగా ఊడిపోయి ఉంటుంది.

అమ్మాలా వద్దా అన్న మాట మా తమ్ముడు లేవదీశాడు. బాపు ఎలాగూ పెద్ద అంకెల క్వార్ట్జ్ వాచే పెట్టుకుంటున్నాడు, ఇది బీరువాలో పడి ఉంది, పాత సీకోలకు మంచి రేటు ఉందట కదా అని. రేటు సంగతి చూసేముందు అసలు మన దగ్గర ఉన్నది ఏమిటో తెలియాలి కదా. ఈ మోడల్ విషయంలో అది ఇంట్లో కూర్చుని చాలావరకు తేల్చుకోవచ్చు.

వెనక మూత మీద ఉబ్బెత్తుగా సముద్రపు అల బొమ్మ, దాని చుట్టూ 6309-7040 అన్న నంబరు, ఆరంకెల సీరియల్ ఉంటాయి. సీరియల్‌లో మొదటి అంకె సంవత్సరం చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు ఓ, ఎన్, డి అక్షరాలు వేస్తారు. మా వాచ్ 3ఎన్‌తో మొదలవుతుంది. ఈ మోడల్ 1976 నుంచి 1988 దాకా తయారైంది కాబట్టి 3 అంటే 1983 తప్ప ఇంకో ఏడు లేదు. 1983 నవంబరులో జపాన్‌లో తయారై మరుసటి ఏడు దేరాలో అమ్ముడుపోయిందన్నమాట. బాపు లెక్క సరిపోయింది. మీ వాచ్ 6, 7, 8 అంకెలతో మొదలైతే కొంచెం చిక్కు, డెబ్బైల్లోదో ఎనభైల్లోదో వేరే గుర్తులతో తేల్చుకోవాలి.

రెండో సాక్ష్యం వారాల చక్రం. ఇందులో ప్రతి వారం రెండు భాషల్లో ఉంటుంది. ఎక్కడ అమ్మడానికి పంపారో అక్కడి భాష ఒకటి, ఇంగ్లిష్ ఒకటి. మాది ఇంగ్లిష్, అరబిక్. గల్ఫ్ కోసం తయారైన వాచ్ అని ఎవరూ రసీదు చూపించక్కర్లేదు. బాపు దాన్ని ఎప్పుడూ అరబిక్‌లోనే పెట్టుకునేవాడు. అరబ్బీ చదవడం రాదు గానీ ఆ ఏడు ముక్కలు మాత్రం ఇప్పటికీ గుర్తుపడతాడు, ముఖ్యంగా జుమా (శుక్రవారం).

మూడోది డయల్. అడుగు అంచున, గ్లాసు ఒంపు కింద, చీమ తలంత అక్షరాల్లో డయల్ కోడ్ ఉంటుంది. ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. నకిలీ డయల్ అయితే అక్కడ అక్షరాలు లావుగా, ఇంకు పొంగినట్టు ఉంటాయి. నిమిషాల గీతలు రేడియం చుక్కల మధ్యకు రాకుండా పక్కకు జరిగి ఉంటాయి. రేడియం అని మనం అలవాటుగా అంటాం గానీ ఇందులో ఉన్నది రేడియం కాదు. 1970ల కంటే ముందు నాటి తాత వాచ్‌లలో మాత్రం నిజంగానే రేడియం ఉండొచ్చు. అవి చీకట్లో వెలగకపోయినా వాటిని తెరిచి గోకకండి. వెలుగునిచ్చే రంగు చచ్చిపోతుంది, రేడియం మాత్రం వందల ఏళ్ళు అలాగే ఉంటుంది.

ఇక నడక. ఊపితే నడుస్తోంది. రాత్రి తీసి పక్కన పెడితే తెల్లారేసరికి ఆగిపోతోంది. పూర్తిగా బిగిసిన స్ప్రింగు ఒకటిన్నర రోజైనా లాగాలి. అంటే లోపల నూనె ఎండిపోయింది. ఇలాంటి వాచ్‌ను "నడుస్తోంది కదా" అని చేతికి కట్టేసుకోకూడదు. నూనె లేని ఇరుసులు ఒకదాన్నొకటి అరగదీసుకుంటూ నడుస్తాయి.

మా కాలనీ దగ్గర్లో ఒక షాపులో చూపిస్తే, చూసీ చూడగానే "కొత్త దాన్లా చేసిస్తా" అన్నాడు. డయల్‌కి కొత్త పెయింట్, కేసుకి బఫింగ్ (చక్రం మీద పాలిష్), కొత్త ముళ్ళు, కొత్త రింగు, అన్నీ కలిపి రూ.1,800. వినడానికి చవక. ఆ పని చేయించిన మరుక్షణం వాచ్ విలువ బాగా పడిపోతుంది. వాచ్ తీసుకుని వచ్చేశాను.

హైదరాబాద్ పాతబస్తీలో, పత్తర్‌గట్టీలో ఉండే ఈ మెకానిక్ గురించి ఒక స్నేహితుడు చెప్పాడు. మదీనా సెంటర్ నుంచి చార్మినార్ వైపు నడుస్తుంటే రాతి కమాన్ల వరసలోంచి ఎడమకి ఒక సందు, ఆ సందులో ఒకే మనిషి కూర్చునేంత కౌంటర్. పెద్దాయన. బోర్డు వెలిసిపోయింది, ఇంటర్నెట్ మ్యాప్‌లో దొరకదు. వాచ్ చేతిలో పెట్టగానే రేటు చెప్పలేదు. కంటికి భూతద్దం పెట్టుకుని డయల్, మూత, కీ, మళ్ళీ డయల్. "దుబాయ్ కా మాల్" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "బేచ్నే కా హై యా పహన్నే కా?" అమ్మడానికా, పెట్టుకోవడానికా అని. ఇంకా తెలియదన్నాను. "తో డయల్ కో హాథ్ నక్కో లగావ్. పాలిష్ భీ నక్కో" అన్నాడు. అయితే డయల్ ముట్టుకోవద్దు, పాలిష్ కూడా వద్దు అని. నాకు నమ్మకం కుదిరింది అక్కడే. ఎక్కువ పని చెప్పి ఎక్కువ డబ్బు లాగే అవకాశం ఎదురుగా ఉండగా వద్దన్న మెకానిక్ ఇంకేం దొరుకుతాడు?

పాలిష్ ఎందుకు వద్దో ఆయనే చూపించాడు. ఈ కేసు దిండులా ఉబ్బి ఉంటుంది. పైభాగం సన్నని గీతల బ్రష్ పని, పక్కలు అద్దంలా నునుపు. రెండూ కలిసే చోట పదునైన అంచు ఉంటుంది. గోరు పెట్టి లాగితే తెలుస్తుంది. బఫింగ్ చక్రం తగిలితే ఆ అంచు కరిగిపోయి వాచ్ చీకిన పిప్పరమెంటు బిళ్ళలా తయారవుతుంది. పోయిన లోహాన్ని తిరిగి పెట్టలేం. గీతలుంటే ఉండనీ, నలభై ఏళ్ళు వాడిన వాచ్‌కి గీతలుండటం కొనేవాడికి అనుమానం కాదు, నమ్మకం.

నా ఎదురుగా చేసిన పని రింగు తీయడం. మొద్దు చాకు అంచు దూర్చి, ఎడమ అరచేయి పైన కప్పి, టక్కున లేపాడు. అరచేయి ఎందుకంటే, రింగు కింద చిన్న స్ప్రింగు మీద గసగసాలకంటే కాస్త పెద్దదైన స్టీలు గుండు ఒకటుంటుంది. రింగు తిప్పితే టిక్ టిక్ అనేది దాని వల్లే. అది ఎగిరిపోతే ఆ షాపులో ఇక దొరకదు. రింగు కింద పేరుకున్నది చూసి నాకే ఒళ్ళు జలదరించింది. నల్లటి జిడ్డు, దానిలో బూడిద రంగు పొడి. చెమట, సబ్బు, చర్మం, ఆ పొడి మాత్రం కచ్చితంగా సిమెంటే అని నా అనుమానం. అగ్గిపుల్ల చివరతో గీకి కాగితం మీద పెట్టాడు. దుబాయ్‌లో లేచిన బిల్డింగుల్లో కొంత మా ఇంటికి కూడా చేరిందన్నమాట.

మిగతా పని నా వెనక జరిగింది. మిషిన్ మొత్తం విప్పి, కడిగి, నూనె వేసి కట్టడం. 6309 మిషిన్‌లో 17 రాళ్ళు (ఇరుసులు తిరిగే చోట పొదిగే కెంపులు), గంటకి 21,600 టిక్కులు, అంటే సెకనుకి ఆరు. చెయ్యి ఎటు ఊగినా స్ప్రింగు బిగుసుకునేలా సీకో 1959లో తెచ్చిన మ్యాజిక్ లీవర్ ఇందులో ఉంది. సన్నటి రెండు కొక్కేల ముక్క, ఒకటి తోస్తే ఒకటి లాగుతుంది. కట్టుదిట్టమైన, గొడవలేని మిషిన్. అందుకే పాడుచేయడం కష్టం, బాగుచేయడం సులువు. కడగడానికి కొందరు పెట్రోల్ వాడతారు. ఈయన దగ్గర అల్ట్రాసోనిక్ మెషీన్ ఉంది, నూనెలు స్విస్‌వి, చిన్న చిన్న సీసాల్లో. టైమింగ్ మెషీన్ మీద పెట్టి ముందూ వెనకా రెండు ఫోటోలు నాకు వాట్సాప్‌లో పంపాడు (ఫోన్ ఎత్తడు, ఫోటోలు పంపుతాడు). బ్యాలెన్స్ చక్రం (అటూ ఇటూ ఊగుతూ టైమ్‌ని కొలిచేది) ఊపు 170 డిగ్రీల నుంచి 225కి వచ్చింది. రోజుకి పన్నెండు సెకన్లు ముందు నడుస్తోంది. ఈ మిషిన్‌కి ఊపు 200 దాటితే చాలని ఆయన లెక్క.

మూత, గ్లాసు, కీ, మూడు చోట్లా వాచర్లు కొత్తవి వేశాడు. కీ నాలుగు గంటల దగ్గర ఉండి స్క్రూలా తిప్పి బిగించే రకం. ఆ మరలు కేసులోనే కోసి ఉంటాయి, విడి గొట్టం కాదు. అరిగిపోతే మార్చే వీలు లేనట్టే. మావి ఒక చుట్టు అరిగాయి, మిగతావి పట్టుకుంటున్నాయి. కాబట్టి కొనేముందు మీరు చూడాల్సింది కీ ఎన్ని చుట్లు తిరిగి బిగుస్తోంది, బిగిశాక వణుకుతోందా అన్నది. గ్లాసు గీతలు, వెలిసిన రంగు దీని ముందు చిన్న విషయాలు.

ఆయన దగ్గర ప్రెషర్ టెస్టింగ్ మెషీన్ లేదు. దగ్గర్లో ఇంకో షాపుకి పంపి గాలి ఒత్తిడితో మూడు బార్ల (ముప్పై మీటర్ల నీళ్ళ ఒత్తిడంత) దాకా చూపించి తెచ్చాడు. నిలిచింది. అయినా "హాథ్ ధోనే కో ఠీక్, తైర్నే కో నక్కో" అన్నాడు. చేతులు కడుక్కోవడానికి సరే, ఈతకి వద్దు. డయల్ మీద 150 మీటర్లు అంటే 15 బార్లు. కాగితం మీద అంత, ఇప్పటి కీ మరలతో అంత ధైర్యం నాకూ లేదు.

ఖర్చు: సర్వీసింగ్, వాచర్లు కలిపి రూ.3,200. ప్రెషర్ టెస్టుకి రూ.300. పాత వాచర్లు, విరిగిన పిన్నులు పొట్లం కట్టి వెనక్కి ఇచ్చాడు. ఈ మోడల్‌కి లావు పిన్నులు కావాలి, మామూలు సన్న పిన్నులు పెడితే బెల్టు దగ్గర కదులుతుంది. రింగు మీది రంగు వెలిసింది, త్రికోణంలోని చుక్క ఊడిపోయింది. కొత్త రింగు పట్టీ వేస్తానంటే నేనే వద్దన్నాను. ఇంట్లో చేసుకున్న పని ఒక్కటే, మూత బిగించి వాచర్లు కొత్తవైన తర్వాత మెత్తటి బ్రష్షుతో సబ్బు నురగ. టూత్‌పేస్టుతో గ్లాసు రుద్దమని ఎవరైనా చెబితే వినకండి. హెచ్ఎంటీల ప్లాస్టిక్ గ్లాసుకి అది పనిచేస్తుంది. ఇది సీకో హార్డ్‌లెక్స్, ఖనిజపు గాజు. పేస్టు దానికి ఏమీ చేయదు, పక్కనున్న కేసుని మాత్రం పాడుచేస్తుంది.

చేతికి పెట్టుకుంటే ఎలా ఉంది? 45 మిల్లీమీటర్లంటే భయపడ్డాను, నా మణికట్టు సన్నం. కానీ బెల్టు కొక్కేలు కేసు కిందే దాక్కోవడం వల్ల అటూ ఇటూ తేలదు, ఒదిగిపోతుంది. చూడగానే టైమ్ తెలుస్తుంది, పగలైతే. రాత్రి ఏమీ తెలియదు, చుక్కల్లో వెలుగు చచ్చిపోయి చాలా కాలమైంది. ఆ చుక్కలు మీగడ రంగుకి తిరిగాయి, ముళ్ళ మీదా అదే రంగు. రెండూ ఒకే రంగులో ఉండటమే అవి కంపెనీవన్నదానికి ఇంకో రుజువు. కోసిన మార్కు ఎక్కడిదంటే: కీ ఇచ్చుకునే వీలు లేదు, ఊపాల్సిందే. కీ లాగితే సెకన్ల ముల్లు ఆగదు, కాబట్టి సెకను తేడా లేకుండా టైమ్ పెట్టలేం. రింగు రెండు వైపులా తిరుగుతుంది. ఇది నిజంగా నీళ్ళలో దిగేవాళ్ళకి ప్రమాదం. ఒకే వైపు తిరిగే రింగు పొరపాటున కదిలితే నీళ్ళలో ఎక్కువసేపు ఉన్నట్టు చూపిస్తుంది, మనిషి ముందే పైకొస్తాడు. రెండు వైపులా తిరిగేది తక్కువ చూపించినా చూపించొచ్చు. బాపు విషయంలో పది నిమిషాలు ఎక్కువ నిద్రపోవడమే జరిగేది అనుకోండి. ఇంకో జాగ్రత్త, రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము మూడు దాకా తారీఖు, వారం మార్చకండి. ఆ టైమ్‌లో లోపలి పళ్ళు పట్టుకుని ఉంటాయి, విరుగుతాయి.

రోజూ పెట్టుకోవడానికే కావాలంటే దీని జోలికి రాకండి. ఇదే ఆకారంతో సీకో కొత్తది అమ్ముతోంది, అందరూ టర్టిల్ అంటారు. దానికి 200 మీటర్లు, కీ ఇవ్వొచ్చు, సెకన్ల ముల్లు ఆగుతుంది, చీకట్లో వెలుగుతుంది.

ఇప్పుడు అమ్మకం. ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది, మన దేశం నుంచి అమ్మేవాళ్ళందరికీ ఉన్నదే. పాత వాచ్‌ల లోకంలో "బొంబాయి స్పెషల్" అంటే తిట్టు. నాలుగు వాచ్‌ల ముక్కలు కలిపి, డయల్‌కి మిరపకాయ ఎరుపో నెమలి నీలమో పూసి, పాత సీకో అని అమ్మిన సరుకు ప్రపంచమంతా చేరింది. అందుకని ఇండియా నుంచి ఫోటో పెట్టగానే కొనేవాడు ముందు అనుమానిస్తాడు. మూత తీసిన మిషిన్, డయల్ కోడ్, సీరియల్, టైమింగ్ మెషీన్ తెర, నాలుగూ పెట్టాక నాకు వచ్చిన ప్రశ్నల తీరే మారిపోయింది. ఆ ఫోటోలన్నీ వాచ్ విప్పి ఉన్నప్పుడే తీసి పంపినందుకు మెకానిక్‌కి ఇంకో దండం.

ఆబిడ్స్‌లో పాత వాచ్‌లు కొనే ఒకతను చేతిలో పెట్టుకుని పన్నెండు వేలన్నాడు, నేను లేవబోతే పద్నాలుగు. బెంగళూరులో ఒకాయన ఫోటోలు చూసి ఇరవై ఆరు నుంచి మొదలుపెట్టాడు. రింగు మీద చుక్క లేదని రెండు వేలు తగ్గించబోయాడు, అరబిక్ వారం చూసి ఊరుకున్నాడు. అదే అమెరికా నుంచి అడిగిన మనిషికి అరబిక్ అక్కర్లేదు, స్పానిష్ అయితే చెప్పమన్నాడు.

బాపుని అడిగాను. మనసు కష్టపెట్టుకుంటాడేమోనని నాకు టెన్షన్. ఆయనకి ఆ బాధేమీ లేదు. "ఇరవై ఆరు వేలా? ఈ ముసలిదానికా?" అని రెండుసార్లు అడిగాడు. "అమ్మేయ్ రా. కానీ తొందరపడకు, ఇంకో రెండు వేలు ఎక్కిస్తడు" అన్నాడు. బేరంలో ఆయనకు నాకంటే అనుభవం ఎక్కువ, దేరాలో కొన్న మనిషి.

పత్తర్‌గట్టీ వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. శుక్రవారం మూసి ఉంటుంది. పన్నెండు లోపు వెళితే పెద్దాయన ఉండడు. బండి మీద వెళ్ళండి, కారుకి చోటు దొరకదు. ఫోన్‌పే తీసుకుంటాడు, బిల్లు ఇవ్వడు, చీటీ మీద సీరియల్ నంబరు మాత్రం రాసిస్తాడు, అది పోగొట్టుకోకండి. మూడు వారాలన్నాడంటే ఐదు అనుకోండి.

బెంగళూరు ఆయన వచ్చే నెల ఏదో పెళ్ళికి హైదరాబాద్ వస్తున్నాడు, చేత్తో చూసి తీసుకుంటానన్నాడు. ముప్పై చెప్పాను, ఇరవై ఎనిమిది లోపు దిగను. కొత్త రబ్బరు బెల్టు మాత్రం ఇవ్వను, అది ఏడువందలు పెట్టి నేను కొన్నది.